పాత గీజరుకు ఏది మేలు: నాబ్ సర్దుకోవడమా, టైమర్ పెట్టడమా, కొత్తది కొనడమా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో గీజరుకు గట్టిగా పని ఉండేది నాలుగు నెలలే. కార్తీక స్నానాలతో మొదలవుతుంది, శివరాత్రికి చలి శివ శివా అంటూ పోయేసరికి ముగుస్తుంది. మిగతా కాలంలో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో తప్ప ఎవరూ ఆ స్విచ్ జోలికి పోరు. అందుకే పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన గీజర్లు కూడా ఇక్కడ చాలా గోడల మీద ఇంకా గట్టిగానే ఉన్నాయి. ట్యాంకు బాగుంటుంది, కాయిల్ పనిచేస్తుంది. కానీ కరెంటు బిల్లు ఎక్కువొస్తుంది, లేదా తెల్లవారుజామున లేచేసరికి నీళ్లు కాగి ఉండవు, లేదా కొళాయి తిప్పితే ఆవిరి కొడుతుంది. దుకాణానికి వెళ్తే ‘మార్చేయండి’ అంటారు. చాలా సందర్భాల్లో మార్చక్కర్లేదు.

ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. గీజరు విషయంలో రెండు వేర్వేరు పనులున్నాయి. నీళ్లు ఎంత వేడి దగ్గర ఆగాలి అన్నది ఒకటి, ఏ వేళకు కాగాలి అన్నది రెండోది. మొదటిది థర్మోస్టాట్ పని, రెండోది టైమర్ పని. థర్మోస్టాట్ తిప్పి టైము సరిచేయాలని చూసినా, టైమర్ ఉంది కదా అని చెడిపోయిన థర్మోస్టాట్‌ను వదిలేసినా డబ్బు పోతుంది. రెండోదాంట్లో ప్రాణానికే ముప్పు.

నాబ్ నిజంగా ఏం చేస్తుంది

పాత గీజర్లలో ఎక్కువగా ఉండేది రాడ్ రకం థర్మోస్టాట్. కింది మూత విప్పితే కాయిల్ పక్కనే నల్లటి బేకలైట్ తల కనిపిస్తుంది. దాని మధ్యలో రూపాయి బిళ్లంత డయల్, డయల్‌కు స్క్రూడ్రైవర్ పట్టే గాడి, చుట్టూ అంకెలు ఉంటాయి. తల కింద నుంచి పెన్సిలంత సన్నటి గొట్టం ట్యాంకు లోపలికి పోతుంది. ఆ గొట్టం ఇత్తడిది లేదా రాగిది. దాని లోపల ఇన్వార్ అనే నికెల్ ఉక్కు కడ్డీ ఉంటుంది. వేడికి గొట్టం సాగుతుంది, లోపలి కడ్డీ దాదాపు సాగదు. ఆ తేడా వెంట్రుకవాసి అయినా, తలలోని కాంటాక్టును లాగి విడదీయడానికి అది చాలు. అప్పుడు ‘టిక్’ మని వినిపించి ఎర్ర లైటు ఆరుతుంది. నీళ్లు కొన్ని డిగ్రీలు చల్లారాక కాంటాక్టు మళ్లీ కలుస్తుంది.

బయట నాబ్ ఉన్న గీజర్లలో కొన్నిటికి ఇదే రాడ్‌ను పొడవాటి కాడతో బయటికి తెచ్చి ఉంటారు. మరికొన్నిటిలో కాపిలరీ రకం ఉంటుంది. అందులో ద్రవం నింపిన చిన్న రాగి బల్బు ట్యాంకు జేబులో (నీళ్లు చొరబడకుండా ట్యాంకు లోపలికి పెట్టిన మూసిన గొట్టంలో) కూర్చుంటుంది, దారంలాంటి సన్నటి గొట్టం ఆ ద్రవం ఒత్తిడిని నాబ్ దగ్గరికి తెస్తుంది. ఆ సన్న గొట్టం ఎక్కడైనా మడత పడి చిరిగితే ఇక బాగుపడదు, మొత్తం మార్చాల్సిందే.

నాబ్ ఎక్కువకు తిప్పితే నీళ్లు త్వరగా కాగుతాయని చాలామంది నమ్మకం. అలా జరగదు. 2000 వాట్ల కాయిల్ 50 దగ్గర పెట్టినా, 75 దగ్గర పెట్టినా అదే వేగంతో కాస్తుంది. నాబ్ చెప్పేది ఎక్కడ ఆగాలో మాత్రమే. ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలున్నాయనుకుంటే, 15 లీటర్లను 60కి తేవడానికి 2000 వాట్ల కాయిల్‌కు సుమారు 18 నిమిషాలు, 0.61 యూనిట్ పడుతుంది. 25 లీటర్ల ట్యాంకుకు అరగంట, ఒక యూనిట్. ఇది సరైన 230 వోల్టులు వస్తేనే. సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోయే ఊళ్లో అదే కాయిల్ 1225 వాట్లే లాగుతుంది, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి తగ్గుతుంది. అప్పుడు 15 లీటర్లకు అరగంట. నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయని నాబ్ పెంచి, చివరికి థర్మోస్టాట్ మార్చి, ఆ తర్వాత కాయిల్ కూడా మార్చినవాళ్ల ఇళ్లలో తప్పు తరచూ వోల్టేజీదే. మల్టీమీటరుతో గీజరు నడుస్తుండగా సాకెట్ దగ్గర వోల్టేజీ చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. గీజరు ఆపినప్పుడు 225 ఉండి, వేయగానే 200కి పడితే ఇంటి వైరింగో, సర్వీసు వైరో, స్తంభం దగ్గరి జాయింటో బాగాలేదన్నమాట.

ఎంత దగ్గర పెట్టాలి? 60 దగ్గర పెట్టిన 15 లీటర్ల నీళ్లకు 20 లీటర్ల చన్నీళ్లు కలిపితే 35 లీటర్ల స్నానపు నీళ్లు, అంటే దాదాపు రెండు బకెట్లు అవుతాయి. 50 దగ్గర పెడితే 25 లీటర్లే. వేణ్ణీళ్లు బయటికి వస్తుంటే కింద చన్నీళ్లు చేరి కలుస్తాయి కాబట్టి అసలు లెక్క ఇంకాస్త తక్కువ. ఒక్కరో ఇద్దరో ఉన్న ఇంటికి 50 నుంచి 55 చాలు. నలుగురుంటే 60 పెట్టండి. అంతకు మించి పెట్టడానికి కారణం లేదు. 60 డిగ్రీల నీళ్లు చర్మం మీద నాలుగైదు సెకన్లు పడితేనే బాగా కాలుతుంది, పసిపిల్లలకు ఇంకా త్వరగా. బోరు నీళ్లున్న ఇంట్లో 60 దాటితే సున్నం పేరుకునే వేగం కూడా బాగా పెరుగుతుంది. అలాగని 45 దగ్గర పెట్టి రోజుల తరబడి ఆన్‌లో వదిలేయడమూ మంచిది కాదు, ఆ గోరువెచ్చని నీళ్లలో సూక్ష్మక్రిములు బాగా పెరుగుతాయి.

మొదటి దారి: ఉన్నదాన్నే చేతి స్విచ్‌తో నడపడం

ఇంట్లో అందరూ ఒకే గంటలో స్నానాలు చేసేవాళ్లయితే, ముందుగా లేచేవాళ్లు మరిచిపోకుండా స్విచ్ వేసి తీసేవాళ్లయితే, ఇంకేమీ కొనక్కర్లేదు. ఆపి మళ్లీ కాయిస్తే ఎక్కువ కరెంటు అవుతుందన్న మాట వినే ఉంటారు. అది తప్పు. ట్యాంకు ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపూ దాని గోడల నుంచి వేడి పోతూనే ఉంటుంది. చల్లారిన ట్యాంకు కోల్పోయేది తక్కువ.

మీ గీజరు ఎంత కోల్పోతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఒక సెలవురోజు నీళ్లు పూర్తిగా కాగి లైటు ఆరాక, కొళాయి ముట్టుకోకుండా స్విచ్ ఆన్‌లోనే ఉంచి, ఆరు గంటల్లో లైటు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు వెలిగిందో రాసుకోండి. ఆరు గంటల్లో మొత్తం 7 నిమిషాలు వెలిగిందనుకుందాం. రోజుకు 28 నిమిషాలు, 2000 వాట్ల కాయిల్‌కు 0.93 యూనిట్. నెలకు 28 యూనిట్లు. మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్‌కు ₹6 అయితే, ఎవరూ వాడకుండానే నెలకు ₹168 గోడకు పోతోంది. రోజంతా ఆన్‌లో ఉంచే ఇళ్లకు టైమర్ ఎందుకు అంటే ఈ లెక్క చూపిస్తే చాలు. కొత్త గీజర్ల మీద ఉండే స్టార్ లేబుల్‌లో కూడా ఈ నష్టాన్నే 24 గంటలకు లెక్కగట్టి రాస్తారు. పాతదానికి మీరు తీసిన అంకెను దానితో పోల్చుకోవచ్చు.

రెండో దారి: థర్మోస్టాట్ మార్చడం

ఏ టైమర్ కొనాలన్నా ముందు ఇది సరిగా ఉందని తేల్చుకోవాలి. నీళ్లు బాగా కాగినా ఎర్ర లైటు ఎంతసేపటికీ ఆరదు, లోపల నీళ్లు గుడగుడలాడతాయి, కొళాయి తిప్పితే ఆవిరి వస్తుంది, సేఫ్టీ వాల్వ్ నుంచి వేడి నీళ్లు ధారగా కారతాయి. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా థర్మోస్టాట్ కాంటాక్టు అతుక్కుపోయిందని అర్థం. వెంటనే ఎంసీబీ (బోర్డులో గీజరు లైనుకున్న రక్షణ స్విచ్) దించేయండి. బాగయ్యేదాకా ఆ గీజరు వాడకండి. వాల్వ్ నుంచి చుక్కచుక్కగా కారడం మాత్రం వేరు. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60కి కాగేసరికి 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు, వ్యాకోచిస్తాయి. చన్నీళ్ల వైపు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను వెనక్కి పోనివ్వనిది) ఉంటే ఆ గ్లాసెడు నీళ్లకు వేరే దారి లేదు, సేఫ్టీ వాల్వ్ నుంచే రావాలి. కారుతోందని ఆ వాల్వ్‌కు బిరడా కొట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

లైటు వెలిగి నీళ్లు కాగకపోతే కాయిల్ తెగింది. లైటే వెలగకపోతే థర్మోస్టాట్ గానీ, దాని పక్కనున్న థర్మల్ కటౌట్ (అతిగా వేడెక్కితే కరెంటు ఆపేది) గానీ. కటౌట్ మీద చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే మళ్లీ కలుస్తుంది. కలిసింది కదా అని ఊరుకోకండి. అది పడిందంటే థర్మోస్టాట్ ఆపాల్సినచోట ఆపలేదన్నమాట. నెలలో రెండోసారి పడితే థర్మోస్టాట్ మార్చండి. కటౌట్‌ను తప్పించి వైరు నేరుగా కలిపే పని చేస్తామనే మెకానిక్ చేత పని చేయించకండి.

పరీక్షకు పది నిమిషాలు చాలు. ఎంసీబీ దించి, ప్లగ్ పీకి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకోవాలి. కింది మూత స్క్రూలు విప్పి, థర్మోస్టాట్ మీది రెండు వైర్లు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని విప్పాలి. రాడ్ రకమైతే జేబులోంచి నేరుగా కిందికి లాగితే వస్తుంది, నీళ్లు దించక్కర్లేదు. డయల్‌ను తక్కువకు తిప్పి, రెండు టెర్మినళ్ల మధ్య మీటరు పెడితే చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండాలి. ఇప్పుడు గొట్టాన్ని మాత్రం, తల తడవకుండా, బాగా కాగిన నీళ్ల గిన్నెలో ముంచండి. అర నిమిషంలో ‘టిక్’ మని విడిపోవాలి. విడిపోకపోతే కాంటాక్టు అతుక్కుంది, చల్లగా ఉన్నా కలవకపోతే కాలిపోయింది. అదే చేత్తో కాయిల్ టెర్మినళ్ల మధ్య ఓములు చూడండి. 2000 వాట్లకు 26, 3000 వాట్లకు 17 లేదా 18 ఓములు రావాలి. కాయిల్ టెర్మినల్‌కూ ట్యాంకు లోహానికీ మధ్య ఏమీ చూపకూడదు. చూపిస్తే అది షాక్ కొట్టే కాయిల్.

కొత్తది కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లి గొట్టం పొడవు, లావు, తల మీద రాసిన ఆంపియర్లు సరిపోల్చండి. పొట్టి గొట్టం జేబులో పట్టేస్తుంది గానీ ట్యాంకు అడుగు నీళ్లనే చూస్తుంది. వెయ్యి రూపాయల లోపు అయ్యే ఈ ఒక్క పనితో ఎన్నో పాత గీజర్లు దారిలోకి వస్తాయి.

మూత విప్పారు కాబట్టి సున్నం సంగతీ చూసేయండి. నాగావళి, వంశధార కుళాయి నీళ్లు వాడే ఇళ్లలో పెద్దగా ఉండదు. బోరు నీళ్లయితే కాయిల్ మీద గుడ్డు పెంకులాంటి పెచ్చు కడుతుంది. దాంతో కాయిల్‌లోని వేడి చుట్టూ ఉన్న నీళ్లకు అందక, కాయిల్ లోపలే మాడి తెగుతుంది. థర్మోస్టాట్ జేబు మీద కట్టిన పెచ్చు వల్ల వేడి ఆలస్యంగా తెలిసి, 60 దగ్గర పెట్టినా నీళ్లు 70 దాకా పోతాయి. కాయిల్ ఊడదీసి, లీటరు వేణ్ణీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రెండు మూడు గంటలు నానబెడితే పెచ్చు మెత్తబడి రాలుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ వాడకండి, అది రాగినీ తినేస్తుంది. బిగించేటప్పుడు రబ్బరు గాస్కెట్ కొత్తది వేయాలి. పాతదాన్నే తిరగేసి వేస్తే నెలలోనే కారుతుంది. గ్లాస్ పూత ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకుకు బదులు తుప్పును తాను తింటుంది. అది కరిగి లోపలి తీగ మాత్రమే మిగిలితే మార్చండి. బోరు నీళ్లకు రెండేళ్లకోసారి చూడాలి.

మూడో దారి: టైమర్

ఇందులో మూడు రకాలున్నాయి. పిన్నుల డయల్ టైమర్, డిజిటల్ టైమర్, వైఫై ప్లగ్.

పిన్నుల టైమర్ చూడగానే అర్థమవుతుంది. చుట్టూ 96 పిన్నులు, ఒక్కో పిన్ను 15 నిమిషాలు. కావలసిన వేళల పిన్నులు నొక్కి, డయల్‌ను ఇప్పటి టైముకు తిప్పితే చాలు. చదువు రాని పెద్దవాళ్లు కూడా వాడగలరు. కానీ మామూలు రకాలకు బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే గడియారమూ ఆగుతుంది. రాత్రి రెండు గంటలు కరెంటు పోతే, తెల్లవారి అయిదుకు కాగాల్సిన నీళ్లు ఏడుకు కాగుతాయి. మళ్లీ ఎవరైనా డయల్ తిప్పేదాకా రోజూ అంతే. మన ఊళ్లకు ఈ ఒక్క లోపం చాలు దాన్ని పక్కన పెట్టడానికి. కొందామనుకుంటే, కరెంటు లేకపోయినా నడిచే రిజర్వు ఉన్నదే కొనండి.

డిజిటల్ టైమర్‌లో చిన్న బ్యాటరీ గడియారాన్నీ, ప్రోగ్రాములనూ కాపాడుతుంది. గీజరుకు మా సలహా ఇదే. పెట్టె మీద 16 ఆంపియర్లు అని ఉండాలి. 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది కదా, 10 ఆంపియర్లది సరిపోతుంది అనుకోవద్దు. అరగంట ఆగకుండా లాగే బరువును చవక 10 ఆంపియర్ల రిలే (టైమర్ లోపలి స్విచ్) ఎక్కువ కాలం మోయదు. మూడు పిన్నుల పెద్ద పవర్ ప్లగ్ నేరుగా పట్టేదే కొనండి. మధ్యలో అడాప్టర్ పెడితే కాలేది ఆ అడాప్టరే.

పెట్టడం ఇలా. కొత్తదైనా, ఏళ్లుగా పక్కన పడి ఉన్న పాతదైనా ముందు గీజరు లేకుండా ఖాళీ సాకెట్‌లో ఒక రాత్రంతా ఉంచి బ్యాటరీ ఎక్కనివ్వండి. తర్వాత సన్నటి రంధ్రంలో ఉన్న రీసెట్‌ను పిన్నీసుతో నొక్కండి. గడియారం బటన్ పట్టుకుని ఉంచి వారం, గంట, నిమిషం సరిచేయండి. ప్రోగ్రాం బటన్ నొక్కితే ‘1 ఆన్’ వస్తుంది. టైము పెట్టి, రోజులు ఎంచుకుని, మళ్లీ నొక్కితే ‘1 ఆఫ్’. ప్రతి ఆన్‌కూ ఒక ఆఫ్ ఉండాలి, రెండింటికీ అవే రోజులు ఉండాలి. ఆన్‌కు వారమంతా పెట్టి, ఆఫ్‌కు సోమవారం నుంచి శుక్రవారం దాకానే పెడితే, శనివారం తెల్లవారుజామున వెలిగిన గీజరు సోమవారం దాకా ఆరదు. జనం చేసే తప్పుల్లో ఇదే ఎక్కువ. తర్వాతిది ఉదయం, సాయంత్రం తారుమారు. 12 గంటల పద్ధతిలో ఉంటే తెల్లవారి 4:45 బదులు సాయంత్రం 4:45 పడుతుంది. 24 గంటల పద్ధతికి మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

చివరగా ఆన్, ఆటో, ఆఫ్ అనే మూడింటిలో ఆటో దగ్గర ఉంచాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా మోడళ్లలో ఆఫ్ నుంచి ఆటోకి వస్తే తర్వాతి ఆన్ వేళ దాకా ఆఫ్‌గానే ఉంటుంది. ఆన్ నుంచి ఆటోకి వస్తే తర్వాతి ఆఫ్ వేళ దాకా వెలుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం చుట్టాలొచ్చారని ఆన్ చేసి, ఆటోకి తెచ్చేశాం కదా అనుకుంటే సాయంత్రం ఆఫ్ వేళ దాకా గీజరు నడుస్తుంది. ఆన్ వాడిన ప్రతిసారీ ఆఫ్ మీదుగా ఆటోకి రండి. కొన్నిటిలో రెండు బటన్లు ఒకేసారి తగిలితే ‘వేసవి గంట’ (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) పడి గడియారం గంట ముందుకు పోతుంది. మన దేశానికి ఆ పద్ధతి లేదు, అవే బటన్లు మళ్లీ నొక్కి తీసేయండి.

ఇక వేళలు. నలుగురి ఇల్లు, 15 లీటర్ల ట్యాంకు, తలో బకెట్ అనుకుందాం. 4:45కి ఆన్. 5:10కి మొదటి ఇద్దరు. నీళ్లు మళ్లీ కాగడానికి 20 నుంచి 25 నిమిషాలు. 5:45కి మిగతా ఇద్దరు. ఆఫ్ ఎప్పుడు పెట్టాలి? చాలామంది 6:30 పెడతారు. 5:45 పెట్టాలి. చివరి ఇద్దరు వాడుతుండగా ట్యాంకులోకి వచ్చిన చన్నీళ్లను కాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అవి సాయంత్రానికి చల్లారిపోతాయి. అలా రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు వృథా. పైగా చివరివాళ్లు కరెంటు లేని గీజరు కింద స్నానం చేస్తారు. దాంతో షాక్ ప్రమాదమూ తగ్గుతుంది. వోల్టేజీ తక్కువ ఊళ్లో ఆన్ వేళను పావుగంట ముందే పెట్టండి. బొబ్బిలి, సాలూరు వైపు కొండగాలి తగిలే ఊళ్లలో పుష్యమాసంలో ట్యాంకు నీళ్లు తీరం ఊళ్లకన్నా చల్లగా ఉంటాయి, అక్కడ ఇంకో పది నిమిషాలు కలపండి.

భోగినాడు ఇంటినిండా చుట్టాలుంటారు, తలంటు పోసుకుంటారు. అరసవల్లి దగ్గరి ఇళ్లలో రథసప్తమికి అర్ధరాత్రి నుంచే స్నానాలు మొదలవుతాయి. అలాంటి రోజులకు ప్రోగ్రాములు గెలికి తర్వాత సరిచేసుకోలేక తంటాలు పడే బదులు, టైమర్‌ను ఆన్‌లో పెట్టి చేతి స్విచ్‌తో నడపండి. మర్నాడు ఆఫ్ మీదుగా ఆటోకి తెచ్చేస్తే పాత ప్రోగ్రాములు అలాగే ఉంటాయి.

3000 వాట్ల గీజరైతే ప్లగ్ టైమర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. 13 ఆంపియర్లు రోజూ మోస్తే దాని చిన్న రిలే కాంటాక్టు అతుక్కుంటుంది. అప్పుడు టైమర్ తెర మీద ఆఫ్ అని ఉన్నా గీజరు నడుస్తూనే ఉంటుంది. దీనికి డిన్ రైల్ టైమర్ (స్విచ్ పెట్టెలోని పట్టీకి బిగించేది), 25 ఆంపియర్ల రెండు పోళ్ల కాంటాక్టర్ (పెద్ద బరువు మోసే కరెంటు స్విచ్) పెట్టించండి. టైమర్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, గీజరు బరువంతా కాంటాక్టర్ మోస్తుంది, ఫేజ్, న్యూట్రల్ రెండూ తెగుతాయి. దీని వెనక 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్), కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మంచి ఎర్తింగ్ ఉండాలి. పెట్టె బాత్రూం బయట ఉండాలి. చేయించుకోగలిగితే 2000 వాట్లకు కూడా ఇదే ఉత్తమం.

వైఫై ప్లగ్ గురించి క్లుప్తంగా చెప్పాలి. 16 ఆంపియర్లదైతే పనిచేస్తుంది, ఎన్ని యూనిట్లు కాలాయో కూడా ఫోన్‌లో చూపిస్తుంది. కానీ ఎక్కువ మోడళ్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మాత్రమే పట్టుకుంటాయి, బాత్రూం గోడల వెనక అది అందకపోవచ్చు. కరెంటు పోయి వచ్చాక ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ‘ఆఫ్’గా పెట్టండి. లేకపోతే మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు వచ్చిన ప్రతిసారీ గీజరు దానంతటదే వెలగవచ్చు. ఇంట్లో ఒక్కరి ఫోన్‌లోనే యాప్ ఉంటే మిగతావాళ్లు వేళలు మార్చుకోలేరు.

ఏ రకమైనా సాకెట్‌ను చూసిన తర్వాతే పెట్టండి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం తీరం వైపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. చిలుము పట్టిన చోట కరెంటు దారి ఇరుకై వేడెక్కుతుంది. వేడికి సాకెట్ లోపలి స్ప్రింగ్ వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గీజరు పావుగంట నడిచాక స్విచ్ తీసి, ప్లగ్ పీకి, పిన్నుల దగ్గరి ప్లాస్టిక్‌ను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేలు ఆనించలేకపోతే సాకెట్ మార్చాలి. ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఇప్పటికే కాలడం మొదలైంది.

నాలుగో దారి: కొత్తది

వేణ్ణీళ్ల కొళాయిలో మాత్రమే తుప్పు రంగు వస్తే, లేదా గాస్కెట్ మార్చినా అడుగు అతుకు నుంచి నీళ్లు కారితే ట్యాంకు పోయింది. దానికి మరమ్మతు లేదు. అప్పుడు కొనాల్సిందే. బోరు నీళ్లకు గ్లాస్ పూత ట్యాంకు, మార్చడానికి వీలైన మెగ్నీషియం కడ్డీ, బయట నాబ్ ఉన్నది చూడండి. ప్రెషర్ పంపు ఉన్న అపార్టుమెంటుకు 8 బార్ల నీటి ఒత్తిడి తట్టుకునేది కావాలి. డాబా మీద ట్యాంకు నుంచి నీళ్లు దిగే ఇంటికి అంత అవసరం లేదు. మూడు మీటర్ల ఎత్తుకు పడే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే.

టైమర్ గొడవ లేకుండా 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు కొందామా అని అడిగేవాళ్లున్నారు. 3000 వాట్లతో అది నిమిషానికి 2.9 లీటర్ల స్నానపు నీళ్లు ఇస్తుంది, బకెట్‌కు ఆరు నిమిషాలు. వోల్టేజీ 180 అయితే నిమిషానికి 1.8 లీటర్లే, బకెట్‌కు పది నిమిషాలు. మంచి వోల్టేజీ ఉన్న పట్నం ఇంట్లో ఇద్దరికి బాగుంటుంది, చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న పల్లె ఇంటికి వద్దు. బకెట్‌లో రాడ్ పెట్టి కాయడం ఖర్చులో గీజరు కంటే ఎక్కువేమీ కాదు, 18 లీటర్లకు 0.31 యూనిట్ చాలు. కానీ దానికి థర్మోస్టాట్ లేదు, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లు చనిపోయే ప్రమాదం ఉంది. దానికి టైమర్ తగిలించి వదిలేయడం అస్సలు చేయకండి, నీళ్లు ఇంకితే రాడ్ కాలి బకెట్ అంటుకుంటుంది. కొబ్బరి మట్టలు, డొక్కలు పుష్కలంగా దొరికే ఉద్దానం పెరళ్లలో రాగి కాగు ఇంకా మంచి పద్ధతే.

డాబా మీద సోలార్ ఉండి, దానికి కరెంటు కాయిల్ కూడా ఉంటే అక్కడ టైమర్ తప్పనిసరి. కాయిల్ రాత్రంతా వెలిగితే తెల్లారేసరికి ట్యాంకు నిండా వేణ్ణీళ్లే ఉంటాయి, ఎండకు కాయడానికి ఏమీ మిగలదు. తెల్లవారి నాలుగు నుంచి అయిదు దాకా మాత్రమే కాయిల్‌కు వేళ ఇవ్వండి, థర్మోస్టాట్‌ను 45 నుంచి 50 మధ్య ఉంచండి. ముందురోజు ఎండ బాగా కాస్తే థర్మోస్టాట్ కాయిల్‌ను వెలగనివ్వదు, మబ్బు పడితే వెలుగుతుంది. థర్మోస్టాట్, టైమర్ తమ తమ పనులు చేయడం అంటే ఇది.

తుపాను రోజులు, వేసవి

ఈ జిల్లాలకు పెద్ద తుపాన్లు సరిగ్గా గీజరు కాలం ముందే వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు టైమర్ ప్లగ్ పీకి, గీజరు ఎంసీబీ దించి ఉంచండి. లైన్లు మళ్లీ కలిపేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడి ముందుగా పోయేది టైమర్ లోపలి సర్క్యూటే. కరెంటు నిలకడగా వచ్చాక, ట్యాంకులో నీళ్లున్నాయని వేణ్ణీళ్ల కొళాయి తిప్పి ధార చూసిన తర్వాతే గీజరు వేయండి. డాబా ట్యాంకు ఖాళీ అయి, గీజరు కూడా కారి ఖాళీ అయి ఉంటే కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది.

శివరాత్రి తర్వాత టైమర్‌ను తీసి పెట్టెలో పడేయకండి. దాని లోపలి బ్యాటరీ ఖాళీగా నెలల తరబడి ఉంటే మళ్లీ ఛార్జి పట్టదు. రెండు నెలలకోసారి ఒక రాత్రి సాకెట్‌లో పెట్టి తీయండి. బ్యాటరీ పూర్తిగా పోతే తెర వెలుగుతున్నా, కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం సున్నాకు వస్తుంది. చాలా రకాల్లో అది 1.2 వోల్టుల చిన్న బిళ్ల, సోల్డరింగ్ చేసి ఉంటుంది, రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టులో మార్చగలరు. గీజరు ఎంసీబీ దించి, అడుగు వాల్వ్ తిప్పి బకెట్ పెట్టి ట్యాంకు నీళ్లు వదిలేయండి. అడుగున చేరిన సున్నపు నలుసులు ఆ బకెట్‌లో కనిపిస్తాయి. అవి గుప్పెడు దాటితే వచ్చే కార్తీకానికి ముందే కాయిల్ ఊడదీసి కడిగించాలి.